గది చల్లగానే ఉంది, ఉక్క పోవట్లేదా? పైపు కింద బకెట్ పెట్టండి

"ఏటి బాబూ, గదేమో చల్లగానే ఉంది, దుప్పటేమో తడితడిగా తగుల్తంది. గ్యాస్ అయిపోనాదేటి?" అని కిందటి ఆగస్టులో మా శ్రీకాకుళం బలగలో ఒక పెద్దమ్మ అడిగారు. నేను గ్యాస్ ప్రెషర్ చూసే గేజీలు బయటకు తీయలేదు. పెరట్లోకెళ్లి ఏసీ నీళ్లు బయటకొచ్చే డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి, ఆవిడిచ్చిన టీ తాగుతూ కూర్చున్నాను. పావుగంటలో నాలుగు చుక్కలు పడి ఆగిపోయాయి. విషయం అర్థమైపోయింది.

శ్రీకాకుళంలో పదహారేళ్లుగా ఏసీలు బిగిస్తున్నాను, బాగుచేస్తున్నాను. మన దగ్గర ఏసీ చేయాల్సిన పనిలో పెద్ద వాటా గాలిలోంచి నీళ్లు పిండడం. లోపలి కాయిల్ చల్లబడితే, ఐస్ నీళ్ల గ్లాసు బయట చెమ్మ పట్టినట్టు, గాలిలో తేమ దాని మీద నీరవుతుంది. ఆ నీరు పైపులోంచి బయటకు పోవాలి. వానాకాలంలో టన్నున్నర ఏసీ బాగా పనిచేస్తుంటే గంటకు లీటరు పైనే వస్తుంది. మెషీన్ వేసిన ఇరవై నిమిషాలకైనా ధార కట్టకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే.

పెద్దమ్మ గారింట్లో తేడా ఏమిటంటే, పది బై పదకొండు గదికి కొడుకు ప్రేమగా రెండు టన్నులది కొనిచ్చాడు, అదీ కంప్రెసర్ వేగం తగ్గించుకోలేని, ఇన్వర్టర్ కాని పాత రకం. అయిదు నిమిషాల్లో గది చల్లబడిపోతుంది, కంప్రెసర్ ఆగిపోతుంది. కానీ ఫ్యాన్ 'హై'లో తిరుగుతూనే ఉంటుంది. కాయిల్ మీద పట్టిన నీటిని ఆ గాలే మళ్లీ గదిలోకి ఊదేస్తుంది. ఫ్యాన్ 'ఆటో'లో పెట్టి, రాత్రికి 'డ్రై' మోడ్ వేసుకోమన్నాను. బట్టలు ఆ గదిలో ఆరేయొద్దని, బాత్రూం తలుపు మూసి ఉంచమని చెప్పాను. ఖర్చు లేని రిపేరు. టీకి నేనే బాకీ.

ఇక ఇంట్లో మీరే చేసుకునే పని. ముందు ఏసీకి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చి దించేయండి, రిమోట్‌తో ఆపితే చాలదు. ఫిల్టర్ తీసి వెనక వైపు నుంచి కుళాయి నీళ్లు పట్టండి. ముందు నుంచి పడితే దుమ్ము జాలీలోనే ఇరుక్కుంటుంది. నీడలో ఆరనివ్వాలి, ఎండలో పెడితే ఫ్రేమ్ వంకర పోతుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పదిహేను రోజులకోసారి చేయాలి. రోడ్డు పక్క ఇల్లయితే వారానికోసారి.

తర్వాత డ్రెయిన్ పైపు. లోపల పాకుడు పడుతుంది, చీమలు మట్టి పెడతాయి. ఒకసారి అరసవల్లి వైపు ఒకరింట్లో పైపు ఊదితే బల్లి పిల్ల బయటపడింది. బయటి చివర నోటితో లాగకండి. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే పైపు చివర తడిగుడ్డ చుట్టి ఒక నిమిషం లాగించండి, నీళ్లు పీల్చుకునే రకమైతేనే సుమా. లేదంటే లోపలి ట్రేలో మగ్గుతో నెమ్మదిగా నీళ్లు పోసి బయటకు వస్తున్నాయో లేదో చూడండి. పైపు చివరకు దోమల వల ముక్క కట్టండి. ఆ పైపు చివరను బకెట్ నీళ్లలో మాత్రం ముంచి ఉంచకండి, ధార సరిగా రాదు.

కొత్తలో ఒకరింట్లో పైపును కిటికీ చట్రం మీదుగా అందంగా తిప్పి బిగించాను. మధ్యలో బెత్తెడు ఎత్తు లేచింది. రాత్రికి నీళ్లన్నీ వెనక్కి వచ్చి పెళ్లి ఆల్బమ్ ఉన్న షెల్ఫ్ మీద కారాయి. ఆ ఇంటాయన ఇప్పటికీ ఎదురైతే "ఆల్బమ్ మెకానిక్" అంటాడు. నీళ్లకు వాలు కావాలి, అందం అక్కర్లేదు.

గ్యాస్ మాట. అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే కారుతున్నట్టే. ఏటేటా "గ్యాస్ టాప్" కొట్టించుకునేవాళ్లు, కొట్టే ముందు జాయింట్ల దగ్గర సబ్బు నురగ పూసి చూపించమని అడగండి. లోపలి కాయిల్‌కి మంచు కడితే కూడా వెంటనే గ్యాస్ అనుకోకండి, ఫిల్టర్ మూసుకుపోయినా అదే జరుగుతుంది.

కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు వాళ్లకు ఇంకో శత్రువు ఉంది, ఉప్పుగాలి. బయట పెట్టే ఔట్‌డోర్ యూనిట్ ఫిన్లు, అంటే పల్చటి రేకులు, చేత్తో ముట్టుకుంటే పొడిగా రాలిపోవడం చూశాను. కొనేటప్పుడు కోటింగ్ వేసిన ఫిన్లు అడగండి, సముద్రం వైపు గోడ కాకుండా అవతలి గోడకు పెట్టించండి. నెలకోసారి కరెంటు ఆపి, మంచినీళ్లతో, తక్కువ ప్రెషర్‌లో కడగండి. ఒకాయన శ్రద్ధగా ప్రతి వారం కడిగేవాడు, బోరు నీళ్లతో. ఆ బోరే ఉప్పన!

కొత్తది కొనాలనుకుంటే దుకాణానికి ముందు మేడ మీదకు వెళ్లండి. పై అంతస్తు గదిలో సాయంత్రం వేడి దిగేది శ్లాబు నుంచే. తెల్ల కూల్‌రూఫ్ పెయింటో, కనీసం సున్నమో వేస్తే ఏసీ మీద బరువు తగ్గుతుంది. తర్వాత ఇన్వర్టర్ రకం తీసుకోండి. ఆగి ఆగి కాకుండా నెమ్మదిగా ఎక్కువసేపు తిరుగుతుంది కాబట్టి నీళ్లు బాగా పిండుతుంది. గదికి మించిన టన్నులు వద్దు. 2020 నుంచి వచ్చిన ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతాయి, తర్వాత మనం మార్చుకోవచ్చు. నేనైతే 26 పెట్టి సీలింగ్ ఫ్యాన్ వేసుకుంటాను. ఆ ఫ్యాను తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారుది అయితే పాతదాని 75 వాట్ల చోట 30 వాట్లతో సరిపోతుంది.

కూలరు మే నెలలో పడమర వడగాలి కొట్టే రోజుల్లో, కిటికీ తెరిచి పెడితే పనికొస్తుంది. మిగతా రోజుల్లో తలుపులు మూసి వేశారా, ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే. చలికాలానికి రూమ్ హీటర్ కొనాలా అంటే, సీతంపేట కొండల వైపు వాళ్లయితే ఆలోచించండి. టౌన్లో గీజరు చాలు.

అక్టోబరు లోపల ఔట్‌డోర్ స్టాండు బోల్టులు ఒకసారి చూపించండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక నేను వెళ్లిన ఇళ్లలో గాలికి పడిపోయిన యూనిట్లు కొన్నే. కరెంటు వస్తూపోతూ ఉన్నప్పుడు పీసీబీలు, అంటే ఏసీని నడిపే సర్క్యూట్ బోర్డులు, కాలిపోయినవే ఎక్కువ. తుపాను హెచ్చరిక రాగానే ఎంసీబీ దించేసి, కరెంటు నిలకడగా వచ్చిన మర్నాడు గానీ ఎత్తకండి.