ఒక్కగానొక్క చిన్నారితో దూరప్రయాణం ఎలా చేయాలి? హైదరాబాద్ నుంచి విశాఖ, అరకు దాకా

ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో ప్రయాణమంటే తగవులు తీర్చడమే పెద్దవాళ్ల పని. ఒక్కరే ఉన్న ఇంట్లో తగవు ఉండదు, తోడూ ఉండదు. మూడు నాలుగేళ్ల బిడ్డకు రైల్లోనైనా హోటల్ గదిలోనైనా ఆటకు దొరికేది అమ్మా నాన్నే. ఉన్న కథలన్నీ చెప్పేసి, ఉన్న బొమ్మలన్నీ ఆడించేసి, కాజీపేట దాటకముందే ఓపిక హరించుకుపోయి చేతికి ఫోను ఇచ్చేయడం చాలా కుటుంబాల్లో జరుగుతుంది. బిడ్డకు చేతినిండా పని ఇచ్చి, నలుగురిలో కలవనిచ్చి, చూడాల్సిన చోట్లను సగానికి తగ్గించుకుంటే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది. నాలుగేళ్ల పాప ఉన్న ఇంటి అనుభవంతో, చాలామంది తెలుగువాళ్లు వెళ్లే విశాఖ, అరకు దారినే ఉదాహరణగా తీసుకుని చెబుతున్నాను.

1. టికెట్ల లెక్క ముందే తేల్చుకోండి

రైల్లో అయిదేళ్ల లోపు పిల్లలకు బెర్తు అడగకపోతే ఛార్జీ లేదు. విడిగా బెర్తు కావాలంటే పెద్దవాళ్లతో సమానంగా కట్టాలి. అయిదేళ్లు నిండి పన్నెండు నిండనివాళ్లకు బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పూర్తి ఛార్జీ. 2016 ఏప్రిల్ నుంచి ఇదే పద్ధతి నడుస్తోంది. ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకునేటప్పుడు బెర్తు లేని శిశువుల వరుసలో బిడ్డ పేరు, వయసు నమోదు చేయండి. వయసు రుజువుకు నీలిరంగు బాల ఆధార్ గానీ జనన ధ్రువపత్రం గానీ దగ్గర ఉంచుకోండి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. అరకు చలికాలంలోనే బాగుంటుంది కాబట్టి అక్టోబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకోండి. సంక్రాంతి వారం మాత్రం వద్దు. బడి హాజరు బెంగ లేని వయసు ఇది. పండగ రద్దీలో నలిగిపోవాల్సిన అవసరం మీకు లేదు.

వెళ్లేటప్పుడు రాత్రి రైలు, వచ్చేటప్పుడు పగటి రైలు మంచిదని నా అభిప్రాయం. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం హైదరాబాద్‌లో బయలుదేరి తెల్లవారేసరికి విశాఖ చేరుతుంది. తిరుగు ప్రయాణానికి ఉదయాన్నే విశాఖలో బయలుదేరే వందేభారత్ ఉంది. అది మధ్యాహ్నానికి సికింద్రాబాద్ చేరుస్తుంది, గోదావరిని పట్టపగలు చూపిస్తుంది. అయితే అందులో ఉన్నవన్నీ కుర్చీలే. టికెట్ లేని బిడ్డ ఎనిమిది గంటలకు పైగా మీ ఒళ్లోనే కూర్చోవాలి. డబ్బు వెసులుబాటు ఉంటే అక్కడ మాత్రం పూర్తి ఛార్జీ కట్టి సీటు తీసుకోండి.

2. పూటకు ఒక్కటే చూడండి

మూడు రోజుల్లో పది చోట్లు చూపించే ప్యాకేజీలు పెద్దవాళ్ల కోసం తయారైనవి. చిన్నారికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చాలు. మధ్యాహ్నం నిద్ర ఇంట్లో ఏ వేళకు పోతుందో అక్కడా అదే వేళకు పోవాలి. నిద్ర తప్పిన బిడ్డకు కైలాసగిరి బొమ్మరైలైనా రుచించదు.

ముఖ్యంగా ఒక ఆశను ఆపుకోండి. రాత్రి రైలు దిగాక ఉదయం ఏడు గంటల ప్రాంతంలో కిరండూల్ రైలు ఎక్కేసి నేరుగా అరకు పోవచ్చని అనిపిస్తుంది. నలిగిన బట్టలతో, సగం నిద్రతో ఉన్న పిల్లను మళ్లీ నాలుగు గంటలు కూర్చోబెట్టవద్దు. ఆ రోజు విశాఖలోనే ఉండండి. తెల్లవారుజామున గది ఇస్తారో లేదో హోటల్‌వాళ్లను ముందే అడగండి. ఇవ్వం అని వాళ్లంటే స్టేషన్‌లోని రిటైరింగ్ రూమును ఆన్‌లైన్‌లో తీసుకుంటే స్నానం, కాసేపు నిద్ర అక్కడే అయిపోతాయి.

3. సంచి సర్దడం బిడ్డకే అప్పగించండి

వీపుకు తగిలించుకునే చిన్న సంచి ఒకటి ఇచ్చి, తన వస్తువులు తననే పెట్టుకోమనండి. రాత్రిపూట పక్కన పెట్టుకుని పడుకునే బొమ్మ, గీతల పుస్తకం, ఒక బంతి ఉంటే చాలు. రంగు పెన్సిళ్ల పెట్టెలు మాత్రం రెండు పెట్టండి. రెండోది దారిలో కలిసే ఇంకో బిడ్డ కోసం. తోబుట్టువులు లేని పిల్లలకు పంచుకోవడం ఇంట్లో రోజూ జరిగే పని కాదు. తన పెట్టె తన దగ్గరే ఉండి, ఇవ్వడానికి ఇంకొకటి ఉంటే చేయి తేలిగ్గా ముందుకు వస్తుంది. పడుకునే బొమ్మను ఎవరికీ ఇవ్వనక్కర్లేదని కూడా ముందే మాట ఇవ్వండి. ఆ ఒక్క వస్తువు దగ్గర బలవంతం చేయకండి.

తినుబండారాల్లో పులిహోర, ఇడ్లీ, మెత్తని చపాతీ, అరటిపండు ప్రయాణానికి బాగా ఆగుతాయి. వేరుశనగపప్పు, పల్లీపట్టీ, గట్టి చాక్లెట్లు, కోయని ద్రాక్షపళ్లు కదిలే బండిలో అయిదేళ్ల లోపువాళ్లకు పెట్టవద్దు, గొంతులో అడ్డం పడతాయి. ద్రాక్ష పెట్టాలంటే నిలువుగా చీల్చి పెట్టండి.

మందుల్లో జ్వరం మందు, వాంతుల మందు మీ పిల్లల డాక్టర్ బరువును బట్టి రాసిచ్చిన మోతాదు చీటీతో సహా ఉండాలి. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు నాలుగైదు ఉంచుకోండి. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూడండి. చక్కెర ఎక్కువగా ఉండే పళ్లరసాల డబ్బాలు ఏళ్ల తరబడి అదే పేరుతో దుకాణాల్లో దొరికాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ పట్టువిడవకుండా పోరాడిన తర్వాత, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశించింది. తల్లిదండ్రులందరూ ఆమెకు రుణపడి ఉండాలి. పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

4. తప్పిపోతే ఏం చేయాలో ఇంట్లోనే నేర్పండి

అమ్మ పేరేమిటంటే "అమ్మ" అనే వయసు ఇది. మీ ఇద్దరి పూర్తి పేర్లు, ఊరు, ఒక ఫోను నంబరు బయలుదేరే ముందే నేర్పండి. పది అంకెల నంబరు పాటలా పాడిస్తే నాలుగేళ్ల పిల్లలకు కొన్నాళ్లలో నోటికి వచ్చేస్తుంది. కనిపించకపోతే అక్కడే నిలబడి గట్టిగా పేరు పెట్టి పిలవాలని, ఎవరూ రాకపోతే పోలీసును గానీ పిల్లలను వెంటబెట్టుకున్న అమ్మను గానీ అడగాలని ఆటలా ఆడించి చూడండి.

రోజూ పొద్దున గది విడిచే ముందు ఆనాటి బట్టల్లో బిడ్డ ఫొటో తీసుకోండి. జేబులో నంబరు రాసిన చీటీ పెట్టండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, రైల్వే సహాయం 139, పోలీసు అత్యవసరానికి 112 మీ ఫోనులో ముందే ఉండాలి.

5. రైల్లో ఉద్యోగం ఇవ్వండి

ఒంటరి బిడ్డను అలరించడం మొదలుపెడితే దానికి అంతు ఉండదు. నిజమైన పని ఇస్తే పరిస్థితి మారుతుంది. మా ఇంట్లో టికెట్ చూపించే బాధ్యత పాపది. టీటీఈ రాగానే రెండు చేతులతో ఫోను పట్టుకుని లేచి నిలబడుతుంది. ఆయన తెర చూసి "మరి నీ టికెట్ ఏదమ్మా?" అంటే, "నాకు ఇంకా నాలుగేళ్లే" అని జవాబు. అది ముందే నేర్పిన మాట కాదు, టికెట్ల సంగతి మేం మాట్లాడుకుంటుంటే విని పట్టుకున్నది. పని ఉన్న మనిషి కాబట్టి ఆయన కోసం ఎదురుచూడటంలోనే చాలాసేపు గడిచిపోతుంది.

నీళ్ల సీసాలు లెక్కపెట్టడం, చెప్పులు బెర్తు కింద జతలుగా పెట్టడం, స్టేషన్ బోర్డు మీద తెలిసిన అక్షరం వెతకడం కూడా ఇలాంటివే. రోజంతా ఒకరే పట్టించుకోకుండా అమ్మా నాన్నా గంటల చొప్పున వంతులు వేసుకోండి. వంతు లేనివాళ్లు నిజంగానే కళ్లు మూసుకోవాలి, మధ్యలో కలగజేసుకోకూడదు.

పడుకునేటప్పుడు కింది బెర్తులో బిడ్డను గోడవైపు, మీరు అంచువైపు. పై బెర్తు మీద ఎంత ముచ్చటపడినా పగలు కాసేపు ఎక్కించి దింపేయండి.

6. నలుగురిలో కలవనివ్వండి

రాత్రి రైలు పెట్టె ఒక్కగానొక్క పిల్లలకు మంచి బడి. పక్క కూపేలో ఆరేళ్ల అక్కో అన్నో తప్పకుండా ఉంటారు. మీరు ముందు వాళ్ల పెద్దవాళ్లతో పలకరింపుగా మాట్లాడండి. పెద్దవాళ్లు మాట కలపడం చూసి పిల్లలు దగ్గరవుతారు. "వెళ్లి ఆడుకో" అని తోయడం కన్నా, రెండో రంగుల పెట్టె తీసి సీటు మీద పెట్టి ఊరుకోవడం బాగా పనిచేస్తుంది. మీ కంటికి కనిపించే దూరంలోనే ఆడాలి, కొత్తవాళ్లు ఇచ్చింది మిమ్మల్ని అడిగాకే తినాలి అన్న రెండు నియమాలు చాలు.

వీలైతే దాదాపు అదే వయసు బిడ్డ ఉన్న బంధువుల కుటుంబాన్ని కలుపుకోండి. పిన్ని కూతురో మేనత్త కొడుకో తోడుంటే ఇద్దరు తల్లుల భారమూ సగమవుతుంది. కాకపోతే గదులు విడివిడిగా తీసుకోండి, ఖర్చులు ఎలా పంచుకోవాలో బయలుదేరక ముందే మాట్లాడుకోండి.

7. విశాఖలో సముద్రం, జలాంతర్గామి

రామకృష్ణా బీచ్‌లో ఇసుకతో ఆడించండి, నీళ్లలోకి దింపకండి. అక్కడ లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. పాదాలు తడుపుకోవాలంటే రుషికొండ మేలు, అక్కడైనా చేయి వదలకూడదు. పొడి బట్టల జత ఒకటి తీరంలోనే సిద్ధంగా ఉండాలి.

ఆ ఒడ్డునే 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామి ఈ వయసువాళ్లకు కొలిచి కట్టినట్టుంటుంది. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి పోయే తలుపులు ఇరుకైన గుండ్రటి కంతలు. నాన్న నడుం వంచి, తల కాచుకుంటూ, ఒక కాలు తర్వాత ఒక కాలు దాటిస్తుంటే, నాలుగేళ్ల పిల్ల దర్జాగా ముందుకు పోయి వెనక్కి తిరిగి "రండి, రండి" అంటుంది. పెద్దవాళ్లకు కష్టమై తనకు సులువైన చోటు బిడ్డకు అరుదుగా దొరుకుతుంది. అక్కడ తొందరపెట్టకండి. సోమవారం అదీ మూసి ఉంటుంది, జంతుప్రదర్శనశాలా మూసి ఉంటుంది.

8. అరకు: రైల్లో ఎక్కండి

కారులో ఘాట్ రోడ్డు మలుపులకు పిల్లలు వాంతి చేసుకోవడం మామూలే. రైల్లో ఆ బాధ తక్కువ. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన ఈ మార్గం కొండలను తొలుచుకుంటూ పోతుంది. అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె టికెట్లు త్వరగా అయిపోతాయి, దొరకకపోతే మామూలు పెట్టె కిటికీ కూడా తక్కువేమీ కాదు. సొరంగం దాటిన ప్రతిసారీ పుస్తకంలో నల్ల చుక్క పెట్టమనండి. చీకటికి భయపడే బిడ్డ కూడా చుక్క పెట్టాలన్న ఆత్రంలో తర్వాతి సొరంగం ఎప్పుడని అడుగుతుంది. కాగితం నిండిపోతుంది, కాబట్టి పెద్దదే ఇవ్వండి.

అరకులో గిరిజన మ్యూజియం ఒక పూట, పద్మాపురం ఉద్యానవనం ఒక పూట. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించిన ఆ తోటలో ఇప్పుడు బొమ్మరైలు తిరుగుతోంది. బొంగులో చికెన్ కారం తగ్గించి చేయమని ముందే చెప్పండి, ఎముక ముక్కలు మీరే తీసి పెట్టండి.

బొర్రా గుహలను ఈ వయసులో వదిలేయమనే చెబుతాను. మెట్లు చాలా ఉంటాయి, చోటుచోటుకూ తడి. సగం దారిలో ఎత్తుకోమంటే ఆ తడి మెట్ల మీద ఎత్తుకుని ఎక్కాల్సింది మీరే. తప్పదనుకుంటే జారని చెప్పులు వేయండి. బయట కోతులుంటాయి, బిడ్డ చేతిలో తినేదేదీ ఉండకూడదు.

ఏదైనా కారు మాట్లాడుకుంటే పిల్లలను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోకండి. 14 ఏళ్ల లోపువాళ్లకు సీటు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వాహనం నడిపేవారికి వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానా మాట అటుంచి, గట్టిగా బ్రేకు వేస్తే ఒళ్లో ఉన్న బిడ్డను చేతులు ఆపలేవు.

9. తిరుగు ప్రయాణం, ఇల్లు చేరాక

వందేభారత్‌లో రాజమండ్రి వచ్చే ముందే బిడ్డను కిటికీ దగ్గర పెట్టండి. ఆ రైలు కిటికీ తెరుచుకోదు, గోదావరిలో నాణెం వేయడం కుదరదని ముందుగానే చెప్పి ఉంచండి, లేకపోతే వంతెన మీద ఏడుపు ఖాయం. 1900లో కట్టి, 1997లో రైళ్లు ఆపేసిన పాత హేవలాక్ వంతెనను చూపించి, ఒకప్పుడు తాతయ్యల కాలం రైళ్లు దాని మీద నడిచేవని చెప్పండి.

బడికి పంపే ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. అరకు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఉంది. అక్కడ ఉన్నన్ని సాయంత్రాలూ నిండు చేతుల చొక్కా, దోమతెర తప్పనిసరి. ఇంటికి వచ్చాక కొన్ని వారాల్లోపు జ్వరం వస్తే మామూలు జలుబే అనుకుని ఊరుకోకుండా డాక్టరుకు చూపించి, అరకు వెళ్లొచ్చామన్న మాట మొదటే చెప్పండి.