పిల్లల కేంద్రంలో శుభ్రత, 4వ పాఠం: చేతులకంటే ముందు మళ్లీ బకెట్టే

ఈ వారం చేతులు కడిగించడం మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠంలో నేల తుడవడానికి చెప్పిన బ్లీచింగ్ నీళ్లు చాలామందికి కుదరలేదు. నేలమీద తెల్ల చారలు, పిల్లలకు దగ్గు, తుడిచే గుడ్డలకు చిల్లులు. బకెట్టు సంగతి తేలాకే చేతులు.

చారలు సున్నానివి. పొడిని నేరుగా బకెట్టులో వేసి కలిపేస్తే అడుగుకు దిగాల్సిన సున్నం గుడ్డకెక్కుతుంది. ముందు ప్లాస్టిక్ మగ్గులో కాసిని నీళ్లతో ముద్దలా చేసి, బకెట్టులోకి వంపి మిగతా నీళ్లు పోసి, అరగంట కదపకుండా వదలండి. పైకి తేరిన నీళ్లు మాత్రం వంచుకోండి. వేణ్ణీళ్లు వద్దు, ఇనుప బకెట్టు వద్దు, నిన్న కలిపిన నీళ్లు అసలే వద్దు.

కొలత మళ్లీ చెబుతున్నాను: 33 శాతం క్లోరిన్ ఉన్న పొడి, 10 లీటర్లకు 30 గ్రాములు. చెంచాల లెక్క నమ్మకండి. కిరాణా కొట్లో ఒక్కసారి 30 గ్రాములు తూకం వేయించి, పాత ప్లాస్టిక్ గ్లాసులో పోసి, మట్టం దగ్గర గీత గీసుకోండి. ఏడాదంతా ఆ గీతే మీ తూకం. పొడి డబ్బాకు మూత బిగించి నీడన పెట్టండి. రోహిణి కార్తె ఎండకు కిటికీ పక్కనున్న డబ్బాలో పొడి ఉంటుంది, సత్తువ ఉండదు.

దగ్గు వచ్చిందంటే మోతాదు మించి ఉండాలి, లేదా మరుగుదొడ్డి కడిగే యాసిడ్ అందులో కలిసి ఉండాలి. రెండోది ప్రమాదం. విషవాయువు పుడుతుంది. బ్లీచింగ్ డబ్బానూ యాసిడ్ సీసానూ ఒకే అలమరలో కూడా ఉంచకండి.

ఇక అందరూ చేస్తున్న అసలు తప్పు: మురికి మీదే బ్లీచింగ్ పోయడం. పిల్లవాడు చాపమీద విరేచనం చేసుకున్నాడు, ఆయమ్మ గబగబా బ్లీచింగ్ నీళ్లు చల్లి తుడిచేసింది. వాసన పోయింది, పని అయిపోయిందనుకున్నారు. కాలేదు. క్లోరిన్ బలమంతా ఆ మలానికే ఖర్చయిపోయింది, క్రిములదాకా చేరలేదు. ముందు పాత కాగితంతో ఎత్తి కవరులో మూటకట్టండి. సబ్బునీళ్లతో కడగండి. తర్వాతే బ్లీచింగ్, అదీ ఘాటుగా, లీటరుకు 15 గ్రాములు. చేతికి తొడుగులు, తలుపులు బార్లా, పిల్లలు బయట. పది నిమిషాలు తడిగానే ఉండాలి. వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే చేసిందంతా వృథా. ఆఖరున మంచినీళ్లతో కడిగేయండి. పాకే పిల్లలు ఆ నేలమీదే అరచేతులు ఆనించి, అవే నోట్లో పెట్టుకుంటారు.

ఇక చేతులు. సబ్బుతో రుద్దే పద్ధతి మీకు తెలిసిందే, 20 అంకెలు పైకి లెక్కపెట్టించండి. కనిగిరి, పొదిలి వైపు ఉప్పు బోర్లలో నురగ తక్కువ. నురగను కాదు, రుద్దిన సేపును చూడండి. పళ్లెంలో నీళ్లు పోసి పదిమంది చేతులూ ముంచనివ్వకండి. మగ్గుతో పోయండి. మేకుకు వేలాడే ఉమ్మడి తువ్వాలు ఈరోజే తీసేయండి. గాలికి ఆరితే చాలు.

సాధన: చెంచాడు వంటనూనెలో చిటికెడు పసుపు కలిపి ఒక్క బొమ్మకు రాసి పిల్లలకివ్వండి. కళ్లు నలుపుకోకుండా పక్కనే ఉండండి. అరగంట తర్వాత పసుపు ఎక్కడెక్కడ అంటిందో వెతకండి: తలుపు గడియ, గ్లాసు అంచు, ఆయమ్మ కొంగు. అప్పుడు చేతులు కడిగించి గోళ్ల సందులు చూడండి. పసుపు ఎంతమందికి మిగిలిందో రాసిపెట్టుకోండి, ఐదో పాఠానికి ఆ లెక్క కావాలి.