చెట్టు నీడలో పిల్లిపీచర విత్తనం నుంచి పెంచడం ఎలా

ఇంటెనక కానుగ చెట్టో వేప చెట్టో ఉండి, దాని కింద ఏమీ బతకదులే అని జాగా అట్లే వదిలేసినోళ్ళు తిరుపతిలో శానా మంది ఉంటారు. కానీ ఆ నీడే కావాలనే మొక్కలు మన శేషాచలం కొండల్లోనే ఉన్నాయి, పిల్లిపీచర (అదే శతావరి), చిత్రమూలం, నన్నారి షర్బత్‌కి వాడే మారేడు గడ్డలు, ఇవన్నీ ఏళ్ళ తరబడి వేరు మీదే బతికేవి. అడవిలోంచి గడ్డలు మాత్రం తవ్వి తేవద్దు, శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్‌లో అది నేరం, పైగా గడ్డ పోతే మొక్కే పోతుంది. విత్తనాలతో మొదలు పెట్టండి.

అన్నిట్లో పిల్లిపీచర తేలిక. కాయలు చలికాలం చివర్లో ఎర్రగా పండుతాయి. పండినవే కోసి చేత్తో పిసికితే లోపల నల్ల గింజ వస్తుంది, గుజ్జు పోయేదాకా ఇసకతో రుద్ది కడిగి నీడలో ఆరబెట్టి పేపర్ కవర్లో పెట్టుకోండి. జూన్‌లో జల్లులు మొదలయ్యాక తీయండి. గింజ పైపెంకు గట్టిది, గరుకు కాగితం మీద మెల్లగా రెండు రుద్దులు రుద్ది గోరువెచ్చటి నీళ్ళలో ఒక రోజు నానబెడితే మొలక తొందరగా వస్తుంది.

ఎర్రమన్ను, ఇసక, చెట్టు కింద బాగా కుళ్ళిన ఆకు ఎరువు సమంగా కలిపి ట్రేలో నింపి, గింజని ఒక సెంటీమీటరు లోతులో వేయండి. పచ్చి పేడ అస్సలొద్దు, చెదలు పడతాయి. ఇంక ఓపిక పట్టాలి, మూడు వారాల నుంచి నెల పైన కూడా పడుతుంది, అన్నీ ఒకేసారి రావు, రాలేదని ట్రే పారబోసేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. మన్ను తడిగా ఉండాలి, బురద కాకూడదు. మొలక ఆకు లేకుండా పచ్చ దారప్పోగులా లేస్తుంది, గడ్డి అనుకుని పీకేయకండి.

రెండు మూడు పిలకలు వచ్చాక, సెప్టెంబరు లోపల నేలలో నాటేయాలి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి కదా, అప్పటికి వేరు పట్టుకుని ఉండాలి, నీళ్ళు నిలిస్తే గడ్డ కుళ్ళిపోతుంది కాబట్టి కాస్త మిట్టగా ఉండే చోటే చూడండి. పొద్దున ఎండ కొంచెం పడి మధ్యాహ్నం నీడ ఉంటే బెస్ట్. మొక్కకి మొక్కకి రెండడుగులు వదిలి పక్కన కర్ర పాతండి, తీగకి ముళ్ళుంటాయి, పిల్లలు తిరిగే దారిలో వద్దు. పెద్ద చెట్టు వేర్లు తడి లాగేస్తాయి, అందుకే చుట్టూ రాలిన ఆకులు మందంగా పరచండి.

చిత్రమూలం కూడా సులభమే, కాకపోతే వేరు రసం తగిలితే చర్మం పొక్కుతుంది, గ్లౌజులు వేసుకోండి. మారేడు గడ్డల తీగ (బిల్వం చెట్టు కాదు) గింజలకి దూది ఉంటుంది, కాయ పగిలితే గాలికి పోతాయి, పగలబోయే ముందే కోసి ఆలస్యం చేయకుండా వేయాలి, పాతబడితే మొలకెత్తవు.

ఏప్రిల్, మే ఎండలకి పిల్లిపీచర పైన ఎండిపోయినట్టు కనిపించినా పీకేయకండి, కింద గడ్డ బతికే ఉంటుంది, వారానికి రెండు సార్లు నీళ్ళు పోయండి, వానలకి మళ్ళీ చిగురేస్తుంది. గడ్డలు ఒకటిన్నర రెండేళ్ళకి తవ్వుకోవచ్చు, అప్పుడు కూడా పక్క గడ్డలు తీసుకుని మొదలుని మట్టితో కప్పేయండి.