తెలిసిన మాటే, కొత్త చోటు – ఏడో పాఠం: ఎక్కించిన బరువు, దించిన బరువు

ముందుగా పోయిన వారం అభ్యాసం చూద్దాం. “బండి రిపేరొచ్చింది, ఈ రోజు డ్యూటీకి లేటవుతుంది” అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పమన్నాను. మన వాడుకలో రిపేరు అంటే పాడవడం. ఫ్యాన్ రిపేరు, మిక్సీ రిపేరొచ్చింది అంటాం. ఇంగ్లీషులో రిపేర్ అంటే బాగుచేయడం. సరిగ్గా ఎదురు. “మై బైక్ ఈజ్ రిపేర్డ్” అని సూపర్‌వైజర్‌కి మెసేజ్ పెడితే, బండి బాగైపోయిందని ఆయనకు అర్థమవుతుంది. మరి లేటెందుకని అడుగుతారు. చెప్పాల్సింది “మై బైక్ హ్యాజ్ బ్రోకెన్ డౌన్” అని. బండి అప్పటికే గాజువాకలో మెకానిక్ దగ్గర ఉంటే “ఇట్ ఈజ్ బీయింగ్ రిపేర్డ్” అనాలి. పని ఇంకా నడుస్తోందని ఆ “బీయింగ్” చెబుతుంది.

దీని దగ్గర కాసేపు ఆగడానికి కారణం ఉంది. పూర్తిగా కొత్త మాట ఎదురైతే మనం జాగ్రత్తపడతాం. డిక్షనరీ చూస్తాం, తెలిసినవాళ్ళని అడుగుతాం. మన ఇంట్లో రోజూ తిరిగే ఇంగ్లీషు మాట విషయంలో ఆ జాగ్రత్త ఉండదు. అది తెలుగులోకి వచ్చేటప్పుడు తనకున్న అర్థాల్లో ఒకటో రెండో మాత్రమే వెంట తెచ్చుకుంది. మిగతావన్నీ ఇంగ్లీషులోనే ఉండిపోయాయి. కరెంట్ అంటే మనకు ఇంటికొచ్చే విద్యుత్తు. బ్యాంకు ఫారంలో “కరెంట్ అడ్రస్” అని ఉంటే మాత్రం, ఇప్పుడు మీరు ఉంటున్న ఇంటి చిరునామా రాయాలి. ఆర్కే బీచ్‌లో ఎవరైనా “స్ట్రాంగ్ కరెంట్, డోంట్ గో ఇన్” అన్నారంటే, నీళ్ళలో లోపలికి లాగే ప్రవాహం ఉందని అర్థం. ఈ మాట తెలుసు కదా అనుకున్న చోటే మనం పొరబడతాం. ఈ పాఠాలన్నీ రాస్తున్నది అందుకే.

ఒక మాటకు ఇన్ని అర్థాలా అని భయం వద్దు. మన “కొట్టు” చూడండి. ఈత కొడతాం, సోడా కొడతాం, బోరు కొడుతుంది, వాసన కొడుతుంది, కన్ను కొడతారు, టెంకాయ కొడతాం. వీధి చివర కిరాణా కొట్టు ఉంటుంది. ఇవన్నీ మనకు ఎవరూ జాబితా రాసి నేర్పలేదు. పక్కనున్న మాటను బట్టి మనమే తెలుసుకున్నాం. ఐదేళ్ళ పిల్లవాడు కూడా “ఈత కొట్టాడు” అంటే ఎవరికి దెబ్బ తగిలిందని అడగడు. అదే తెలివిని ఇంగ్లీషు మీదకు తిప్పాలి.

ఈ వారం మాట: ఛార్జ్.

మనకు ఇది ఎన్ని వేషాల్లో తెలుసో ముందు చూద్దాం. ఫోన్ ఛార్జింగ్, బస్సు ఛార్జీలు, ఛార్జిషీటు, లాఠీఛార్జి, ఇన్‌ఛార్జి. ఇవి ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపిస్తాయి. కాస్త వెనక్కి వెళ్తే అన్నీ ఒకే ఇంటివి. లాటిన్‌లో బండిని “కారస్” అనేవారు. మన “కారు” కూడా అక్కడిదే. ఆ బండి మీద సరుకు వేయడాన్ని చెప్పే మాట పాత ఫ్రెంచిలోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి ఛార్జ్‌గా వచ్చింది. అంటే మొదటి అర్థం బరువు ఎక్కించడం. ఓడలో సరుకుని “కార్గో” అంటాం కదా, అదీ ఈ కుటుంబమే. స్పానిష్ దారిలో వచ్చింది.

ఇప్పుడు ఆ బరువును పట్టుకుని ఒక్కో చోటికి వెళ్దాం. ఫోన్ సంగతి తీసుకుంటే, మనం “ఛార్జింగ్ ఎక్కట్లేదు”, “ఛార్జింగ్ దిగిపోయింది” అంటాం. ఎక్కడం, దిగడం. ఎవరూ చెప్పకుండానే ఆ పాత అర్థాన్ని తెలుగు ఎంత చక్కగా పట్టుకుందో గమనించండి. నాకు ఇది ఎప్పుడు తలచుకున్నా సంతోషంగా ఉంటుంది.

మన విశాఖ స్టీల్ ప్లాంటుకు వెళ్దాం. అక్కడ ఇనుము తీసే పెద్ద కొలిములకు, అంటే బ్లాస్ట్ ఫర్నేసులకు, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. పైనుంచి ఇనుప ఖనిజం, కోక్ (బొగ్గు నుంచి చేసే ఇంధనం), సున్నపురాయి లోపల వేస్తారు. అలా వేయడాన్ని ఛార్జింగ్ అంటారు, వేసిన సరుకును ఛార్జ్ అంటారు. ఇక్కడ కరెంటుతో సంబంధం లేదు. ట్రైనింగ్ కాగితాల్లో “ఛార్జింగ్ ది ఫర్నేస్” అని చదివి, ఫర్నేస్‌కి కరెంట్ పెడుతున్నారు కాబోలు అనుకున్న కుర్రవాడిని నేను చూశాను. తప్పు అతనిది కాదు. అతనికి తెలిసిన ఛార్జింగ్ ఒక్కటే.

తర్వాత డబ్బు. మనిషి మీద ఖర్చు అనే బరువు వేయడం. ప్లంబర్‌ని “హౌ మచ్ డు యూ ఛార్జ్ ఫర్ దిస్?” అని అడుగుతాం. “ఫ్రీ ఆఫ్ ఛార్జ్” అంటే ఆ బరువు లేదు, ఉచితం. ఒక చిన్న జాగ్రత్త: ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి మనం కట్టే డబ్బును తెలుగులో ఛార్జీ అంటాం కానీ, ఇంగ్లీషులో దానికి “ఫేర్” అని వేరే మాట ఉంది. “వాట్ ఈజ్ ది బస్ ఛార్జ్?” అంటే అర్థమవుతుంది. “వాట్ ఈజ్ ది ఫేర్ టు భీమిలి?” అంటే బాగుంటుంది.

నేరం మోపడం కూడా బరువు వేయడమే. “మోపడం” అన్న మన మాటలో కూడా అదే బొమ్మ ఉంది. అక్కడి నుంచే ఛార్జిషీటు వచ్చింది. ఇక ఇన్‌ఛార్జి అంటే బాధ్యత భుజాన వేసుకున్న మనిషి. ఒక్క లాఠీఛార్జి దగ్గర మాత్రం ఈ బొమ్మ సూటిగా కనబడదు. అక్కడ ఛార్జ్ అంటే ఒక్కసారిగా మీదకు దూకడం. ఎద్దు పొడవడానికి వచ్చినా “ది బుల్ ఛార్జ్డ్ ఎట్ హిమ్” అంటారు. దీన్ని విడిగా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలైన పనిముట్టు. ఛార్జ్ పక్కన వచ్చే చిన్న మాటలను చూడండి. “దే ఛార్జ్డ్ హిమ్ ఫర్ ది వాటర్ బాటిల్” అంటే నీళ్ళ సీసాకు డబ్బు తీసుకున్నారు. “దే ఛార్జ్డ్ హిమ్ విత్ థెఫ్ట్” అంటే దొంగతనం నేరం మోపారు. “దే ఛార్జ్డ్ ఎట్ హిమ్” అంటే అతని మీదకు దూకారు. మనుషులు వాళ్ళే, మాట అదే. “ఫర్” డబ్బు చెబుతుంది, “విత్” నేరం చెబుతుంది, “ఎట్” దూకుడు చెబుతుంది. ఈ మూడు వాక్యాలనూ పది సార్లు పైకి చదవండి. సిగ్గుపడకుండా గట్టిగా చదవండి.

ఇంకో మెలిక. “ది నర్స్ ఈజ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ ది వార్డ్” అంటే వార్డును చూసుకునేది నర్సు. “ది వార్డ్ ఈజ్ ఇన్ ది ఛార్జ్ ఆఫ్ ది నర్స్” అన్నా అదే అర్థం, కానీ నర్సు, వార్డు చోట్లు తారుమారయ్యాయి. మధ్యలో “ది” చేరితే, చూసుకునేవారు వాక్యం చివరికి వెళ్తారు.

ఎక్కించిన బరువు ఎప్పుడో ఒకప్పుడు దించాలి. దానికి డిశ్చార్జ్. ఈ మాటను దాని అసలు అర్థంతో చూడాలంటే మన విశాఖ పోర్టుకు మించిన చోటు లేదు. 1933లో మొదలైన మన ఓడరేవులో ఈ రోజుకీ డిశ్చార్జ్ అంటే ఓడలో సరుకు దించడమే. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న కాలువ దారిలో ఓడ లోపలికి వస్తుంది, బొగ్గో ఎరువో దించుతుంది. సరుకు కాగితాల్లో “పోర్ట్ ఆఫ్ లోడింగ్” అని ఒక గడి, “పోర్ట్ ఆఫ్ డిశ్చార్జ్” అని ఇంకో గడి ఉంటాయి. మొదటిది ఎక్కించిన రేవు, రెండోది దించే రేవు. షిప్పింగ్ ఆఫీసుల్లో ఉద్యోగానికి ప్రయత్నిస్తున్న వాళ్ళు ఈ రెండూ బాగా గుర్తుంచుకోండి.

ఇక ఆసుపత్రి. ఇక్కడ నా సొంత అనుభవం చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం మా నాన్నగారికి ఊళ్ళో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. ఐదో రోజు పంపిస్తామన్నారు. ఆ రోజు పొద్దున్నే అమ్మ బట్టలు, ఫ్లాస్కు, మందులు అన్నీ సంచిలో సర్దేసింది. డాక్టరుగారు చూసి వెళ్ళాక మంచం దగ్గర పెట్టిన కేస్‌షీట్ తీసి చదివాను. “వూండ్ హెల్దీ, నో డిశ్చార్జ్” అని ఉంది. అమ్మతో “ఈ రోజు పంపరట” అన్నాను. ఆమె ఏమీ అనలేదు. సర్దిన సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాన్నగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఏదో తేడా చేసిందని, మాకు చెప్పడం లేదని ముగ్గురమూ ఎవరి మటుకు వాళ్ళం అనుకున్నాం. రెండు గంటలు అలాగే గడిచాయి.

మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన సిస్టర్‌ని అడిగితే, కాగితం చూసి నెమ్మదిగా చెప్పింది. “కుట్ల దగ్గర చీమూ నీరూ ఏమీ కారట్లేదండీ, గాయం బాగా మానింది అని రాశారు. సాయంత్రం ఇంటికెళ్ళిపోవచ్చు.” అమ్మ ఆమె చేతులు పట్టుకుంది.

గాయం లోపల ఉన్నది బయటికి రావడం డిశ్చార్జ్. చెవి కారడం కూడా డిశ్చార్జే. మనిషిని ఇంటికి పంపడమూ డిశ్చార్జే. నేను ఆ రోజు చేసిన పొరపాటు ఒక్కటే. పక్కనున్న “వూండ్” అన్న మాటను దాటి, నాకు తెలిసిన డిశ్చార్జి దగ్గరికి పరుగెత్తాను. “వూండ్” అంటే గాయం. ఆ వాక్యం గాయం గురించి, మనిషి గురించి కాదు. “పేషెంట్ డిశ్చార్జ్డ్” అని ఉంటే మనిషి గురించి. ఆసుపత్రి కాగితం చదివేటప్పుడు, ఈ మాట దేని గురించి అని ముందు చూడండి. అర్థం కాకపోతే ఊహించకండి, సిస్టర్‌ని అడగండి. అడగడంలో చిన్నతనం లేదు.

ఆసుపత్రిలోనే ఇంకొన్ని మాటలు ఇలా భయపెడతాయి. స్కాన్ రిపోర్టులో “లివర్: అన్‌రిమార్కబుల్” అంటే లివర్‌లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు, అంటే మంచి వార్త. “కంప్లైంట్” అంటే ఫిర్యాదు కాదు, రోగి చెప్పుకున్న బాధ. “హిస్టరీ” అంటే మీకు ఇంతకు ముందు వచ్చిన జబ్బులు. “నెగెటివ్” అంటే వెతికిన జబ్బు దొరకలేదని. వీటి మీద విడిగా ఒక పాఠం ఉంటుంది కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను.

డిశ్చార్జ్‌కి ఇంకో రెండు చోట్లు ఉన్నాయి. కోర్టులో నిందితుణ్ణి డిశ్చార్జ్ చేశారంటే, మోపిన ఆరోపణల బరువు దించి వదిలేశారని. “డిశ్చార్జింగ్ హిజ్ డ్యూటీ” అంటే విధి నిర్వర్తించడం. ఇక్కడ “డ్యూటీ మానేశాడు” అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. నిజానికి పని పూర్తి చేసి ఆ బరువు తీర్చుకున్నాడని. మనం రుణం తీర్చుకున్నాడు అంటాం చూడండి, ఆ తీరు.

పోర్టు దగ్గరే ఉన్నాం కాబట్టి ఇంకో రెండు మాటలు గబగబా చూద్దాం. బెర్త్: గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అయితే మనం పడుకునే చోటు, పోర్టులో అయితే ఓడ కట్టే చోటు, పేపర్లో మంత్రివర్గం వార్తల్లో అయితే పదవి. మూడింట్లోనూ ఒకరికి కేటాయించిన చోటు అన్న అర్థం ఉంది. డ్రాఫ్ట్: బ్యాంకులో తీసే డీడీ, పంపకుండా మెయిల్‌లో ఉంచిన చిత్తు ఉత్తరం, ఓడ నీళ్ళలో ఎంత లోతుకు మునిగి ఉంటుందన్న కొలత. ఈ మూడూ “డ్రా” అన్న మాట పిల్లలే. లాగడం, గీయడం రెండూ అందులో ఉన్నాయి.

పక్క మాటను చూడండి అని నేను పదే పదే చెప్పడం నా సొంత కనిపెట్టుడు కాదు. జె.ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త 1957లో ఇదే చెప్పారు: ఒక మాట ఏదో దాని సహవాసాన్ని బట్టి తెలుస్తుందని. ఆయన 1930లలో మన దేశానికి వచ్చి గుజరాతీతో పాటు తెలుగునూ పరిశీలించారు. మన వైపు చాలాకాలానికి కనబడిన చుట్టాన్ని “నన్ను పోల్చుకున్నావా?” అని అడుగుతాం. గుర్తుపట్టావా అని. వేరే చోట పోల్చడం అంటే ఒకదాన్ని ఇంకోదానితో సరిచూడటం. ఇంగ్లీషు మాటలను మనం పోల్చుకోవాల్సింది మన వైపు అర్థంలోనే. ముఖం తెలిసినదే, ఇప్పుడు ఎవరితో వచ్చిందో చూడాలి.

ఈ వారం అభ్యాసం. కింది వాక్యాల్లో “డ్యూటీ” ఏ అర్థంలో వచ్చిందో తెలుగులో రాయండి. ఏ పక్క మాట మీకు ఆ సంగతి చెప్పిందో దాని కింద గీత గీయండి.

“ది కంటైనర్ వోంట్ మూవ్ అంటిల్ ది డ్యూటీ ఈజ్ పెయిడ్.”

“హూ ఈజ్ ఆన్ డ్యూటీ టునైట్?”

“వియ్ నీడ్ ఎ హెవీ డ్యూటీ లాక్ ఫర్ ది గోడౌన్.”

“ఇట్ ఈజ్ మై డ్యూటీ టు లుక్ ఆఫ్టర్ దెమ్.”

రెండో పని: ఈ వారంలో మీ పని చోటో, మందుల షాపో, బ్యాంకో, ఎక్కడైనా కాగితం మీద కనబడిన ఛార్జ్ లేదా డిశ్చార్జ్ ఉన్న వాక్యం ఒకటి నోటుబుక్కులో ఎత్తి రాయండి. మాట ఒక్కటే కాదు, వాక్యం మొత్తం. దానికి ముందు, వెనక ఏముందో కూడా. ఎనిమిదో పాఠంలో “బిల్లు” మొదలుపెట్టే ముందు వాటితోనే పని ఉంది.