దేవుడి మాటేనా అని ఎలా తెలుసుకోవాలి?

"ఈ నెలలోపు కానుక పంపితే నీ అప్పు తీరుతుంది" అని ఎవరైనా దేవుడి పేరు చెప్పి తొందరపెడితే వెంటనే డబ్బు పంపేయకండి. ముందు వాళ్లు చూపించిన వాక్యం తెరిచి, ఆ ఒక్క వచనమే కాదు, అధ్యాయమంతా చదవండి, బెరయ ఊరి వాళ్లు అపొస్తలుడైన పౌలు చెప్పిందే రోజూ లేఖనాల్లో వెతికి చూసుకున్నారు (అపొ. కార్యములు 17:11), మనం చూసుకుంటే తప్పేంటి? ఆ మాట మీలో ప్రేమను పెంచుతోందా, టెన్షన్‌నే పెంచుతోందా గమనించండి. అయితే దేవుడు మన తప్పు చూపించినప్పుడూ మనసు నొచ్చుకుంటుంది, కాబట్టి ఈ ఒక్క గుర్తునే నమ్ముకోవద్దు. సంఘంలో మొహమాటం లేకుండా "వద్దమ్మా" అనగల పెద్దావిడ ఉంటే అడగండి.

ఆగడం కష్టమే. మా ఒంగోలు ప్రార్థన కొండ మీద మిషనరీ జూవెట్ గారు, మరికొందరు ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని 1854 జనవరి 1న మోకరించారు, ఆ మిషనరీగా క్లౌ గారు ఊళ్లో కాపురం పెట్టింది 1866లో.