అతి చిన్నవాటిని ఇంగ్లీషులో వర్ణించడం ఎలా?

కంట్లో పడితే నలుసు అంటాం, కూరలో వేస్తే చిటికెడు అంటాం, అన్నంలోకి నెయ్యి అడిగేటప్పుడు రవ్వంత అంటాం. మూడూ కొద్దిదనాన్నే చెబుతున్నా, ‘కంట్లో చిటికెడు పడింది’ అంటే వినేవారు నవ్వుతారు. ఇంగ్లీషులోనూ పద్ధతి ఇదే. అందుచేత పర్యాయపదాల పట్టికను వల్లె వేయడం కంటే, చిన్నగా ఉన్నది ఆకారమా, మోతాదా, మనిషా, ప్రభావమా అని ముందు తేల్చుకుని, దానికి జోడుగా వచ్చే మాటను ఎంచుకోవడం మేలు.

మొదట స్మాల్, లిటిల్ అనే రెండింటినీ విడదీసి చూడండి. స్మాల్ కొలతను మాత్రమే చెబుతుంది. లిటిల్‌లో చెప్పేవారి ముద్దో, చులకనో కూడా కలుస్తుంది. ‘ఎ లిటిల్ హౌస్’ చాలా సందర్భాల్లో మన ‘బుల్లి ఇల్లు’కు దగ్గరగా ఉంటుంది. తెలుగులో ఆర్టికల్స్ లేనందువల్ల మనం తరచుగా జారిపడే చోటు కూడా ఈ మాట దగ్గరే ఉంది. ‘దేర్ ఈజ్ ఎ లిటిల్ మిల్క్’ అంటే కాసిని పాలు ఉన్నాయి, కాఫీ పెట్టుకోవచ్చు. అందులోంచి ‘ఎ’ తీసేసి ‘దేర్ ఈజ్ లిటిల్ మిల్క్’ అంటే పాలు ఉన్నా లేనట్టే. లెక్కపెట్టగలిగే వస్తువుల విషయంలో ఎ ఫ్యూ, ఫ్యూ మధ్య తేడా కూడా ఇంతే.

ఆకారాన్ని చెప్పాలంటే, అది కంటికి ఎంతవరకు ఆనుతుందో చూసుకోండి. ఆవగింజ, చీమ, పసిబిడ్డ గోళ్లు టైనీ. ఈ మాటలోనే ‘చాలా చిన్న’ అనే అర్థం ఉంది కాబట్టి ముందు వెరీ చేర్చనక్కరలేదు. చేతిగడియారంలోని మరల వంటి, పట్టిపట్టి చూస్తే తప్ప తెలియని వాటికి మైన్యూట్ బాగా కుదురుతుంది. దీని స్పెల్లింగు నిమిషం అనే అర్థమిచ్చే మినిట్‌దే. రెండూ ‘చిన్నదిగా చేసిన’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చాయి. చదివేటప్పుడు మాత్రం రెండో అక్షరాన్ని ఒత్తి ‘మైన్యూట్’ అనాలి. ‘ఇన్ మైన్యూట్ డీటెయిల్’ అన్న పదబంధానికి మన ‘పూసగుచ్చినట్టు’ సరిగ్గా సరిపోతుంది.

మామూలు కంటికి కనిపించే హద్దు సుమారు 0.1 మిల్లీమీటరు, అంతకంటే బాగా తగ్గినవాటికి మైక్రోస్కోపిక్ వాడాలి. మనిషి ఎర్ర రక్తకణం వ్యాసం 7 నుంచి 8 మైక్రోమీటర్లు ఉంటుంది. ఒక మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో 1,000వ వంతు. ఇంకా కిందికి దిగితే నానో వస్తుంది. నానోమీటరు మీటరులో 100 కోట్లవ వంతు, డిఎన్ఏ పోగు వెడల్పు సుమారు 2 నానోమీటర్లు. హోటల్లో వడ్డించిన స్వీటు ముక్కను ఎవరైనా సరదాకి మైక్రోస్కోపిక్ అంటే తప్పులేదు కానీ, సైన్సు పరీక్షలో ఆ అతిశయోక్తి చెల్లదు. మినిస్క్యూల్ కూడా ‘బొత్తిగా చిన్న’ అనే చెబుతుంది. మినీ గుర్తొచ్చి దాని స్పెల్లింగులో ఎన్ తర్వాత ఐ రాసేవారు చాలామంది ఉన్నారు. అక్కడ ఉండవలసింది యు, అంటే మైనస్ అనే మాట మొత్తంగా అందులో ఉంటుంది.

‘సన్న’ అనే మాటను ఇంగ్లీషులోకి తేవడం కొంచెం చిక్కు. సన్నని దారి నారో, సన్నని మనిషి థిన్ లేదా స్లిమ్, సన్నగా నూరిన పొడి ఫైన్. అన్నిచోట్లా స్మాల్ అంటే అర్థం చెడుతుంది.

మోతాదు చెప్పే మాటలను విడిగా కాక జంటలుగానే నేర్చుకోండి: పించ్ ఆఫ్ సాల్ట్, గ్రెయిన్ ఆఫ్ శాండ్, స్పెక్ ఆఫ్ డస్ట్, క్రంబ్ ఆఫ్ బ్రెడ్. ఒక మాటను చిటికెడు ఉప్పుతో తీసుకోమని ఇంగ్లీషువారు అంటే, దాన్ని పూర్తిగా నమ్మవద్దని హెచ్చరిస్తున్నట్టు. వంటతో దానికి సంబంధం లేదు. గ్రీకు అక్షరం పేరైన అయోటా ఎక్కువగా లేదు, కాదు అనే వాక్యాల్లోనే వస్తుంది. ‘నాట్ యాన్ అయోటా ఆఫ్ డౌట్’ అన్నా, ‘ఇసుమంతైనా సందేహం లేదు’ అన్నా ఒకటే. మన ఇసుము ఇసుక కావడం, వారిది అక్షరం కావడమే తేడా.

మనుషుల విషయంలో జాగ్రత్త అవసరం. చిన్న ఆకారం గల స్త్రీని పెటీట్ అంటే మర్యాదగా ఉంటుంది. పెద్దవారిని టైనీ అంటే నొచ్చుకోవచ్చు. ప్రభావం తక్కువని చెప్పడానికి స్లైట్, నెగ్లిజిబుల్ ఉన్నాయి. కొద్దిపాటి జ్వరం ‘స్మాల్ ఫీవర్’ కాదు, ‘స్లైట్ ఫీవర్’. లెక్కలోకి తీసుకోనక్కరలేనంత తేడా నెగ్లిజిబుల్. ఆఫీసు నివేదికలో టైనీ కంటే ఇదే నప్పుతుంది.

రాయడం పూర్తయ్యాక ఒక్కసారి వెనక్కి వెళ్లి, తెలుగులో సహజమైన జంటమాట ఇంగ్లీషులోకి దూరిందేమో వెతకండి. ‘ఉల్లిపాయను చిన్న చిన్న ముక్కలుగా కోయండి’ అన్న వాక్యం మన నోట ‘స్మాల్ స్మాల్ పీసెస్’గా వచ్చేస్తుంది. వంటల ఇంగ్లీషులో దానికి ‘ఫైన్లీ చాప్’ అన్న రెండు మాటలు చాలు.