మారతహళ్లిలో సైకిల్ దారి కావాలని అడగడం ఎలా?

బెంగళూరులోని మారతహళ్లి పేటలో సైకిళ్లకు భద్రత కోరేవారు నగరమంతటినీ ఒకేసారి తలకెత్తుకోకుండా, తమ ఇంటి నుంచి బడికి వెళ్లే ఒక్క దారితో మొదలుపెట్టాలి. 2020లో ఔటర్ రింగ్ రోడ్డుపై బొల్లార్డులు (పొట్టి అడ్డు స్తంభాలు) నాటి సైకిళ్లకు ప్రత్యేక వరుస ఏర్పరచారు; కనుక ఈ కోరిక ఊరికి కొత్తది కాదు.

ఉదయం కూడలి దగ్గర నిలబడి వచ్చీపోయే సైకిళ్లను లెక్కపెట్టేటప్పుడు పాలు వేసేవారినీ, కాపలాదారులనూ, బడిపిల్లలనూ తప్పక చేర్చాలి, ఎందుకంటే వేరే బండి లేనివారి అవసరమే అన్నిటికంటే ముందు వినదగినది. గుంతలనూ, అడ్డంగా నిలిపిన కార్లనూ తేదీతో ఫొటో తీయాలి.

అర్జీని పొరుగు కన్నడిగులతో కలిసి కన్నడంలోనే రాసి, నగరపాలక ఇంజినీరుకూ, ట్రాఫిక్ పోలీసులకూ, నగర భూ రవాణా డైరెక్టరేట్‌కూ ఇచ్చి రశీదు తీసుకోవాలి. కదలిక లేకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ ఏమైందో అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.